‘మందు’ అన్న మాట తీసేసి వెతికాం: ఒక మిరప చేను కేస్ స్టడీ

2021 డిసెంబరు రెండో వారం, సాయంత్రం నాలుగు దాటింది. గుంటూరులో నేను పనిచేసే డిగ్రీ కాలేజీ లైబ్రరీకి మా పాత విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ప్రత్తిపాడు వైపు ఊరు వాళ్లది. ఆయన కౌలుకు మూడెకరాల మిరప వేశారు. చేతిలో ఒక సంచి. అందులో మూడు ఖాళీ మందు డబ్బాలు, తడిగుడ్డలో చుట్టిన నాలుగు మిరప కొమ్మలు. “మేడమ్, పూత మొత్తం రాలిపోతోంది. తొమ్మిది రోజుల నుంచి ఫోన్‌లో వెతుకుతున్నా, ఒక్కటీ పనికొచ్చేది దొరకట్లేదు. మీరైతే వెతికి పెడతారని తీసుకొచ్చా” అంది.

వెతకడం నా ఉద్యోగం, నిజమే. మిరప గురించి మాత్రం నాకు పచ్చడి దాకానే తెలుసు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి అదీ ఒక కారణం. మనకు తెలియని విషయంలో వెతికేటప్పుడు ఎక్కడ తప్పటడుగు పడుతుందో ఇందులో బాగా కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద తప్పటడుగు నాదే.

ఇరవై మూడు వెతుకులాటలు

ముందుగా ఫోన్‌లో గూగుల్ హిస్టరీ తెరిచి చూపించమన్నాను. ఎవరైనా “దొరకట్లేదు” అని వస్తే నేను మొదట అడిగేది ఇదే, డాక్టరు పాత చీటీలు అడిగినట్టు. ఏం వెతికారో చూస్తే ఏం వెతకలేదో తెలుస్తుంది. తొమ్మిది రోజుల్లో ఇరవై మూడు సార్లు వెతికింది. కొన్నిటిని ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: ‘మిర్చి పూత రాలడం మందు’, ‘మిర్చి నల్ల పురుగు మందు పేరు’, ‘మిర్చి పురుగు బెస్ట్ మందు’, ‘మిర్చి తామర మందు రేటు’, ‘నల్ల తామర వెంటనే పోయే మందు’.

ఇరవై మూడింట్లో పంతొమ్మిదింటిలో ‘మందు’ ఉంది. ఆ కంగారు నాకు అర్థమైంది. చేలో పూత రాలుతుంటే ఎవరైనా మందే అడుగుతారు. కానీ గూగుల్‌కు మన చేను సంగతి తెలియదు, మనం కొట్టిన మాటలే తెలుసు. మిర్చి, బెస్ట్, మందు అనే మూడు మాటలూ ఒకే పేజీలో కలిపి రాసేది ఎవరు? మందు అమ్మేవాళ్లు. పరిశోధన స్థానంలో కరపత్రం రాసే శాస్త్రవేత్త జన్మలో ‘బెస్ట్ మందు’ అని రాయడు. ఆయన రాసేవి ‘లక్షణాలు’, ‘ఉధృతి’, ‘సస్యరక్షణ’, ‘సమగ్ర యాజమాన్యం’ లాంటి మాటలు. మనకు కావలసింది ఆయన రాసిన పేజీ అయినప్పుడు ఆయన మాటలతోనే వెతకాలి. మా పిల్లలకు ఏటా జూన్‌లో ఇదే చెబుతాను, ఏటా డిసెంబరుకల్లా మర్చిపోతారు.

ఇంకో సంగతి. ఆ అమ్మాయి తెరిచినవన్నీ ఫలితాల్లో పైన ఉన్న రెండు మూడే. వాటిలో సగానికి పక్కన చిన్నగా ‘యాడ్’ అని ఉంది. అంటే డబ్బు కట్టి పైకి ఎక్కినవి. మిగతావి వీడియోలు. ఒక వీడియో మొదటి బొమ్మ చూడగానే వాళ్ల నాన్న నవ్వారు. “ఇది పత్తాకమ్మా. మిరపాకు ఇట్టా ఉంటదా?” అన్నారు. వీడియో కింద ఒక ఫోన్ నంబరు, ‘ఆర్డర్ కోసం’ అన్న ముక్క. ఆ నంబరుకు ఫోన్ చేసే తెప్పించారట సంచిలో ఉన్న మూడో డబ్బా.

వాయిస్ సెర్చ్ కూడా వాడింది. ఎవరో ‘త్రిప్స్’ (రసం పీల్చే సన్న పురుగులకు ఇంగ్లిష్ పేరు) అన్నారని ఆ మాటే ఫోన్‌కు చెబితే అది ‘ట్రిప్స్’ అని విని, మూడు రోజులు అరకు ప్యాకేజీల ప్రకటనలు చూపించిందట. అప్పుడు నవ్వుకున్నాం కానీ, వాయిస్‌తో వెతికినప్పుడు పెట్టెలో ఏ మాట పడిందో ఒకసారి చదువుకోకపోతే ఇలాగే అవుతుంది.

ముందు అడగాలి, తర్వాత వెతకాలి

మా వృత్తిలో రిఫరెన్స్ ఇంటర్వ్యూ అని ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్న వెనక అసలు ప్రశ్న ఏమిటో తెలుసుకోవడం. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది ‘పాఠకుడి సమయం ఆదా చెయ్యి’ అంటుంది. అడగడానికి పోయే పది నిమిషాలు ఆ ఆదాలో భాగమేనని నా నమ్మకం. కంప్యూటర్ తెరవకుండా కాగితం తీసుకున్నాను.

“అన్నయ్య గారూ, పురుగు ఆకు మీద ఉందా, పూతలో ఉందా?”

“పూతలోనమ్మా. పువ్వు విప్పితే లోపల పది, పదిహేను. ఆకు మీద తక్కువే.”

ఒక కొమ్మ తీసి, తెల్లకాగితం మీద పువ్వును వేలితో తట్టారు. సూదిమొనంత నల్లటివి ఆరేడు రాలి పరుగెత్తాయి. ఎప్పటి నుంచి అని అడిగితే దీపావళి తర్వాత అన్నారు. పక్క చేలల్లో కూడా ఉందా అంటే, ఊరంతా ఉంది, పొరుగూళ్లలోనూ ఉంది, నిరుడు మాత్రం లేదు అన్నారు. ఎన్నిసార్లు కొట్టారు అంటే వేళ్లు మడిచి, ఏడుసార్లు అన్నారు. కొట్టిన రెండు రోజులు తగ్గినట్టుంటుందట, మూడో రోజు మళ్లీ అన్నీ వస్తాయట.

‘పూతలో’, ‘నల్లగా’, ‘నిరుడు లేదు’. ఈ మూడింటి కింద గీత గీశాను. మూడోది ఎంత ముఖ్యమో ఆ క్షణంలో నాకు తట్టలేదు.

నేను పడిన గోతి

మిరప, నల్ల పురుగు, సన్నగా ఉంది. ఇది త్రిప్సే అయి ఉండాలని ఇంగ్లిష్‌లో ‘చిల్లీ త్రిప్స్’ అని కొట్టాను. బోలెడు పేజీలు వచ్చాయి. అన్నీ మంచివే, విశ్వవిద్యాలయాలవి, ఒకదానితో ఒకటి ఏకీభవించేవి. సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ అనే పురుగు, లేతాకులను గీకి రసం పీలుస్తుంది, ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి అని. నాలుగు చోట్ల ఒకే మాట కనబడగానే నాకు ధైర్యం వచ్చింది. ఇరవై నిమిషాల్లో తేల్చేశానన్న సంతోషంతో “ఇది మామూలు పై ముడతేనండీ” అని చెప్పేశాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు. “అమ్మా, పై ముడత నాకు తెలీదా? ముప్పై ఏళ్ల నుంచి చూస్తన్నా. పై ముడతకు ఆకు దోనెలాగా పైకి లేచిద్ది, కింది ముడతకు తిరగేసిన దోనెలాగా కిందకి వంగిద్ది. ఆ పురుగు ఎండుగడ్డి రంగులో ఉంటది, ఆకు కింద ఉంటది. ఇది నల్లది. పూతలో కాపురం పెట్టింది. ఇది అది కాదు.”

నాకు సిగ్గేసింది. తెర మీద ఉన్న పేజీలోనే ‘లేత పసుపు రంగు’ అని రాసి ఉంది. నేను చదివాను కూడా. కానీ అప్పటికే తేల్చేసుకున్నాను కాబట్టి కంటికి ఆనలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఒక విషయం చెప్పాలి. సెర్చ్ ఇంజన్లలో పాత పేజీకి బలం ఎక్కువ. పదేళ్లుగా ఉన్న పేజీకి నలుగురు లింకు ఇచ్చి ఉంటారు, నలుగురు చదివి ఉంటారు, అందుకని అది పైన కూర్చుంటుంది. నెల కిందట పుట్టిన సమస్య గురించి రాసిన పేజీకి అంత పలుకుబడి ఉండదు. ‘నిరుడు లేదు’ అని ఆయన చెప్పిన మాటను నేను అప్పుడే పట్టుకుని ఉంటే, పాత పేజీలన్నీ పక్కన పెట్టి వెతికేదాన్ని.

అదే చేశాను, ఆలస్యంగా. గూగుల్‌లో తేదీతో వడపోసే ఆజ్ఞలు రెండు ఉన్నాయి. 2019లో వచ్చాయి. ఇంగ్లిష్‌లో ‘ఆఫ్టర్’ అని కొట్టి, గ్యాప్ లేకుండా కోలన్ పెట్టి సంవత్సరం, నెల, తేదీ వేస్తే ఆ తేదీ తర్వాతివే వస్తాయి. ‘బిఫోర్’ అని వేస్తే అంతకుముందువి. ఇవి గుర్తుండకపోతే ఫలితాల పైన ‘టూల్స్’ నొక్కి, గడిచిన నెల లేదా గడిచిన ఏడాది అని ఎంచుకున్నా చాలు. చిల్లీ, బ్లాక్, త్రిప్స్, ఫ్లవర్ అనే నాలుగు మాటలు ఇంగ్లిష్‌లో వేసి, 2021 సెప్టెంబరు తర్వాతివి మాత్రమే అన్నాను.

దృశ్యం మారిపోయింది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ పేర్లతో వార్తలు. మిరప తోటల్లో కొత్త పురుగు, నల్ల తామర పురుగు. రెండో పేజీలో ఒక వార్త చివర దాని అసలు పేరు ఉంది: త్రిప్స్ పార్విస్పైనస్.

తామరతో తంటా

లాటిన్ పేరు దొరికాక పని తేలికైంది. కానీ అంతకుముందు అరగంట తెలుగులో పడిన తిప్పలు చెప్పకుండా ముందుకు పోవాలని లేదు. తెలుగులో వెతికేవాళ్లందరికీ ఇది ఏదో ఒక రూపంలో ఎదురయ్యేదే.

త్రిప్స్‌ను మన దగ్గర తామర పురుగు అంటారు. ‘నల్ల తామర’ అని కొడితే ఏం రావాలి? మాకు ముందు వచ్చింది చర్మానికి వచ్చే తామర. గజ్జి, తామర, దురదలకు ఆయింట్‌మెంట్లు. తర్వాత తామర పువ్వు, తామర గింజలు, వాస్తుకు ఇంట్లో తామర మొక్క. పాపం ఆ అమ్మాయి హిస్టరీలో ‘తామర మందు’ అని వెతికిన రోజున అయిదు చర్మ వైద్యం పేజీలు తెరిచి ఉన్నాయి.

దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి, వద్దనుకున్న మాట ముందు మైనస్ గుర్తు పెట్టడం. మైనస్‌కూ మాటకూ మధ్య గ్యాప్ ఉండకూడదు, మైనస్‌కు ముందు మాత్రం గ్యాప్ ఉండాలి. చర్మం, దురద, పువ్వు అనే మూడింటినీ అలా తీసేశాం. రెండోది నాకు ఎక్కువ ఇష్టం: తోడు మాట చేర్చడం. ‘తామర పురుగు’ పక్కన ‘మిరప’ ఒక్కటే కాక ‘పూత’, ‘ఉధృతి’ అని వేస్తే పువ్వులూ ఆయింట్‌మెంట్లూ వాటంతట అవే తప్పుకున్నాయి. ఉధృతి అన్న మాట పురుగుల గురించి రాసేవాళ్లు తరచూ వాడేది, పూల పేజీల్లో, ఆయింట్‌మెంట్ పేజీల్లో అంతగా కనబడదు. అటువంటి మాట ఒకటి దొరికితే గొప్ప సాధనం దొరికినట్టే.

పైగా ఒకే మాటకు మనకు నాలుగు రాతలు. మిర్చి, మిరప, మిరపకాయ, మిరప పంట. తామరపురుగు అని కలిపి రాసేవాళ్లు, తామర పురుగు అని విడదీసేవాళ్లు, తామర పురుగులు అని బహువచనం రాసేవాళ్లు. గూగుల్ ఇంగ్లిష్‌లో ఏకవచన బహువచనాలను సర్దుకున్నంత బాగా తెలుగులో సర్దుకోదని నా అనుభవం. కోట్స్ మధ్య పెట్టి వెతికితే అచ్చంగా ఆ రాత ఉన్నవే కావాలన్నట్టు. ఇంగ్లిష్‌లో అది మంచి అలవాటు, తెలుగులో చాలాసార్లు మన కాళ్లకు మనమే బంధం వేసుకున్నట్టవుతుంది. అందుకని తెలుగులో కోట్స్ తీసేసి, రాతలు మార్చి మార్చి మూడు నాలుగుసార్లు వెతుకుతాను. వాటి మధ్య ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో ‘ఆర్’ (ఓ, ఆర్ అనే రెండక్షరాలు, ‘లేదా’ అని అర్థం) అని పెట్టి ఒకేసారి కూడా వెతకొచ్చు.

పేరు దొరికాక

మామూలు పేరు ఊరూరికీ మారుతుంది. లాటిన్ పేరు ప్రపంచమంతా ఒకటే. ఈసారి దాన్ని కోట్స్‌లో పెట్టి వెతికితే ఒక్క చెత్త ఫలితం లేదు. మందులమ్మే పేజీలు మాయమయ్యాయి. ఆ పేరు రాయడం వాళ్లకు అప్పటికి ఇంకా అలవాటు కాలేదు.

అప్పుడు పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లోకి వెళ్లాం. ఈ పురుగుకు పేరు పెట్టింది కార్నీ అనే కీటక శాస్త్రవేత్త, 1922లో. ఆగ్నేయాసియా పురుగు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించినట్టు నమోదైంది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. అంటే మన మిరప మీదకు ఇంత ఉధృతంగా రాకముందే ఆరేళ్ల నుంచి దేశంలో ఉన్నట్టు కాగితాల్లో ఉంది. ఆ 2015 నాటి వ్యాసం కింద ‘సైటెడ్ బై’ అని ఒక లింకు ఉంటుంది. దాన్ని ప్రస్తావించిన తర్వాతి వ్యాసాలన్నీ అందులో వరసగా వస్తాయి. పాతది ఒకటి దొరికితే కొత్తవాటి దాకా తీసుకెళ్లే నిచ్చెన అది. నా మట్టుకు నాకు గూగుల్ మొత్తంలో అత్యంత ఉపయోగపడే లింకు అదే. మా కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లలోనే సగం మంది దాన్ని నొక్కరు.

ఇంకొకటి కూడా చేశాను. సమస్య మనకు కొత్తదైనా ఎవరికో పాతదై ఉంటుంది. ఇండోనేషియాలో మిరప మీద ఈ పురుగు ఎప్పటి నుంచో ఉంది. వాళ్ల భాషలో మిరపను ‘చబాయ్’ అంటారు. లాటిన్ పేరుకు ఆ మాట జోడించి వెతికితే అక్కడి విశ్వవిద్యాలయాల పేజీలు వచ్చాయి. బ్రౌజర్‌లోనే అనువాదం నొక్కి చదివాం. అనువాదం కుంటుతూనే ఉంది కానీ పురుగు జీవిత చక్రం అర్థం చేసుకోవడానికి సరిపోయింది. పిల్ల పురుగులు లేత రంగులో ఉండి మొక్క మీదే తింటాయి. కోశస్థ దశ, అంటే పెద్ద పురుగుగా మారే ముందు దశ, మాత్రం నేలలో గడుస్తుంది. అది చదివి వినిపించగానే ఆయన తల ఊపారు. “అందుకా, మూడో రోజుకి మళ్లీ లేస్తంది. పైన కొడితే కింద ఉన్నదానికి తగలదుగా.” ఏడుసార్లు కొట్టిన మనిషికి ఆ ఒక్క వాక్యంతో సగం లెక్క తేలింది.

తెలుగు కాగితం ఎందుకు దొరకలేదు

ఆయనకు ఇంగ్లిష్ రాదు. తెలుగులో కరపత్రం కావాలి. ఉంటుందని నాకు గట్టి నమ్మకం. మిరప పరిశోధనకు పెట్టింది పేరైన లాం అనే ఊరు గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలోనే ఉంది. అయినా ఎంత వెతికినా రాలేదు.

మొదటి కారణం, తప్పు గుమ్మం తట్టడం. నేను సహజంగానే వ్యవసాయ విశ్వవిద్యాలయం సైట్‌లో వెతికాను. ఒక సైట్‌లో మాత్రమే వెతకాలంటే ఇంగ్లిష్‌లో ‘సైట్’ అని, గ్యాప్ లేకుండా కోలన్, ఆ వెంటనే సైట్ చిరునామా కొట్టి, పక్కన మనకు కావలసిన మాటలు వేయాలి. ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం సైట్‌లో ఈ పురుగు మీద నాకు పెద్దగా ఏమీ తగల్లేదు. ఆ అమ్మాయే అంది, “మేడమ్, మిర్చికి మా ఊరికి వచ్చేది హార్టికల్చర్ ఆఫీసర్.” అవును కదా! మన రాష్ట్రంలో మిరప ఉద్యాన పంటల కింద లెక్క. లాంలో మిరప మీద పనిచేసే పరిశోధన స్థానం డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానిది. దాని ప్రధాన కేంద్రం పశ్చిమ గోదావరిలోని వెంకటరామన్నగూడెం. ఎవరి శాఖ ఏదో తెలియకుండా సైట్ ఆజ్ఞ వాడితే, తప్పు బీరువాలో శ్రద్ధగా వెతికినట్టే.

చిరునామా తోకల సంగతీ అంతే. విద్యాసంస్థ అంటే చివర ఏసీ డాట్ ఇన్ ఉంటుందని నాకు అలవాటు. పరిశోధన సంస్థలు కొన్ని రెస్ డాట్ ఇన్ తోకతో ఉంటాయి. ప్రభుత్వ తోక గవ్ డాట్ ఇన్. మూడింటితోనూ విడివిడిగా వెతికాకే బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ సూచనలు ఇంగ్లిష్‌లో దొరికాయి.

రెండో కారణం ఇంకా చిక్కుది. మన ప్రభుత్వ, విశ్వవిద్యాలయ తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి అది చక్కటి తెలుగే. లోపల మాత్రం యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, ఇంగ్లిష్ గుర్తుల కలగాపులగం. అందులోంచి ఒక లైను కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేసి చూడండి, మీకే తెలుస్తుంది. గూగుల్ చదివేది ఆ కలగాపులగాన్నే. అలాంటి కాగితం మన ముందే ఉన్నా ‘తామర పురుగు’ అని వెతికితే చిక్కదు. స్కాన్ చేసి పెట్టినవైతే అసలు అక్షరాలే లేని బొమ్మలు.

అయితే ఆ పీడీఎఫ్‌లలో ఒక కిటికీ ఉంటుంది. లాటిన్ పేరునూ మందుల సాంకేతిక నామాలనూ చాలామంది మామూలు ఇంగ్లిష్ ఫాంట్‌లోనే వేస్తారు. కాబట్టి తెలుగు కాగితాన్ని ఇంగ్లిష్ మాటతో పట్టుకోవాలి. లాటిన్ పేరు, దాని పక్కన ‘ఫైల్‌టైప్’ ఆజ్ఞకు కోలన్ పెట్టి పీడీఎఫ్, ఆ పక్కన గుంటూరు అని ఇంగ్లిష్‌లో వేశాం. మూడో ఫలితం, అర్థంకాని గుర్తుల శీర్షికతో ఉన్నది, ఎవరూ నొక్కనిది, తెరిస్తే తెలుగు కరపత్రం! నాలుగు పేజీలు. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది, లైబ్రరీ అని మర్చిపోయి.

నీలిరంగు జిగురు అట్టలు పెట్టడం, వేపనూనె, నేలలో వేపపిండి, యూరియా తగ్గించడం, చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ కంచె పంటగా వేయడం, రెండు మూడు మందులు కలిపి కొట్టకపోవడం. ఇంగ్లిష్ సూచనలకూ దీనికీ పెద్ద తేడా లేదు. వేర్వేరు చోట్ల విడివిడిగా తయారైన రెండు కాగితాలు ఒకటే చెబుతుంటే నమ్మొచ్చనుకున్నాను. ఇందాక నాలుగు పేజీలు ఏకీభవించాయని మోసపోయినదాన్నే కాబట్టి, ఈసారి ఒకటి ఇంకోదాన్ని చూసి రాసిందా అని తేదీలు, రాసిన సంస్థలు చూసుకున్నాను.

మూడు డబ్బాలు

ఇక సంచిలో డబ్బాలు. వాటి మీద పెద్దక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరుతో వెతికితే మళ్లీ అమ్మకం పేజీలే. కింద చిన్నక్షరాల్లో సాంకేతిక నామం, శాతం ఉంటాయి. వెతకాల్సింది వాటితో. దేశంలో ఏ మందు ఏ పంటకు, ఏ పురుగుకు ఆమోదం పొందిందో కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ జాబితా పీడీఎఫ్‌గా పెడుతుంది. ఫరీదాబాద్‌లోని మొక్కల సంరక్షణ డైరెక్టరేట్ సైట్‌లో ఉంటుంది. ఇది ఇంగ్లిష్‌లో ఉన్న అసలైన అక్షరాల పీడీఎఫ్ కాబట్టి కంట్రోల్, ఎఫ్ నొక్కి సాంకేతిక నామం వేస్తే చిటికెలో దొరికింది.

మొదటి డబ్బా మందుకు మిరప ఎదురుగా త్రిప్స్ ఉంది. రెండోది సింథటిక్ పైరిత్రాయిడ్. ఆ జాతి మందులు మితిమీరి వాడితే రసం పీల్చే పురుగులు మళ్లీ పెరుగుతాయని మేం చదివిన కాగితాల్లో ఉంది. మూడోది, వీడియో చూసి తెప్పించింది, ‘బయో’ అట. సాంకేతిక నామం లేదు. రిజిస్ట్రేషన్ నంబరు లేదు. పురుగుమందు డబ్బా మీద విష తీవ్రతను చూపించే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల డైమండ్ గుర్తు కూడా లేదు. జాబితాలో దాని ఊసే లేదు. వెతికితే ఏమీ రాకపోవడాన్ని మనం వైఫల్యం అనుకుంటాం. సరైన చోట వెతికాక రాకపోతే అదే సమాధానం.

ఒక జాగ్రత్త. ఆ జాబితాలో మోతాదులు హెక్టారుకు ఉంటాయి. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. చూసుకోకుండా అదే మోతాదు ఎకరానికి కొడితే రెండున్నర రెట్లు పోసినట్టు. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో చెప్పే గడి కూడా పక్కనే ఉంటుంది. ఆయన ఆ గడిని అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నారు. ఎర్రకాయ అప్పుడే మొదలైందట.

మోతాదు విషయంలో నేను సలహా ఇవ్వలేదు. అది లైబ్రేరియన్ పని కాదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయించాను. మర్నాడు పువ్వులున్న కొమ్మలు పట్టుకుని లాం వెళ్లమన్నాను. అక్కడ ఏం అడగాలో కాగితం మీద రాసిచ్చాను.

తర్వాత

మొత్తం మూడు గంటల పది నిమిషాలు పట్టింది. అందులో నా తొందరపాటుకు నలభై నిమిషాలు, తామరకు అరగంట, తెలుగు కాగితానికి గంట పైన. అసలు పనికొచ్చిన వెతుకులాటలు ఆరు.

పంట నిలబడిందని రాయలేను. మొదటి కోత బాగా దెబ్బతింది, కౌలు అప్పు మిగిలింది. ఎనిమిదో స్ప్రే మాత్రం ఆయన కొట్టలేదు. ఆ డబ్బుతో జిగురు అట్టలు కట్టారు. లాంలో చెప్పినట్టు వారం వారం పువ్వులు తట్టి పురుగుల్ని లెక్కపెట్టి కూతురు చేత రాయించారు. రెండో కోత కొంత నయం.

ఈ మధ్య సరదాకి అదే ప్రశ్నను ఒక ఏఐ సాధనాన్ని తెలుగులో అడిగాను. నేను మూడు గంటలు పడిన పాట్లను అది పది సెకన్లలో దాటి పురుగు పేరు సరిగ్గా చెప్పింది. అబద్ధమెందుకు, కాస్త ఈర్ష్యపడ్డాను. తర్వాత ఒక మందు పేరు, ఎకరానికి మోతాదు కూడా చెప్పింది. జాబితా తెరిచి చూస్తే ఆ అంకె హెక్టారుది. పేరు కోసం దాన్ని అడుగుతాను, అంకె కోసం మాత్రం అసలు కాగితం తెరుస్తాను.

ఆ రోజు వెళ్లబోతూ ఆయన ఆ లాటిన్ పేరును తెలుగక్షరాల్లో రాసివ్వమని అడిగారు. పెద్దగా రాసిచ్చాను. వారం తర్వాత అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది, నాన్న ఆ చీటీ తీసుకుని మందుల కొట్టుకు వెళ్లారట. కొట్టాయన అలవాటుగా ఒక డబ్బా తీసి బల్ల మీద పెడితే, దాన్ని తిరగేసి, కళ్లజోడు సర్దుకుని, “పెద్దక్షరాలు కాదబ్బాయ్, చిన్నవి చదువు” అన్నారట.